మెనూలో మెనూ: విండోస్ ఫామ్స్‌లో సబ్‌మెనూలను కోడ్‌తో కట్టే పద్ధతి

డిజైనర్‌లో మౌస్‌తో పెట్టుకున్న మెనూ చిన్న అప్లికేషన్‌కు సరిపోతుంది. లాగిన్ అయిన మనిషిని బట్టి ఐటమ్‌లు మారాలన్నా, ప్లగిన్‌లు తమ సొంత సబ్‌మెనూలు తెచ్చుకోవాలన్నా, ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా చూపించాలన్నా కోడ్ రాయక తప్పదు. రాయడం పెద్ద కష్టమేమీ కాదు, పది లైన్లలో మొదటి సబ్‌మెనూ తెర మీదికి వచ్చేస్తుంది. చిక్కులన్నీ ఆ తర్వాతే. మెనూ తెరిచి ఉన్నప్పుడు కనిపించే తప్పులు తొందరగానే దొరుకుతాయి. మూసి ఉన్నప్పుడు జరిగేవే నెలల తరబడి దొరక్కుండా ఏడిపిస్తాయి.

ఇక్కడ చెప్పేదంతా సీ షార్ప్ భాష, విండోస్ ఫామ్స్ (విండోస్ కిటికీల అప్లికేషన్‌లు రాసే డాట్‌నెట్ లైబ్రరీ) గురించి. క్లాసుల పేర్లను పలికే తీరులోనే రాశాం. ఎడిటర్‌లో కొట్టేటప్పుడు వాటి మధ్య ఖాళీ ఉండదు, లోపలి ప్రతి పదమూ పెద్ద అక్షరంతో మొదలవుతుంది.

మూడు క్లాసులు చాలు

మెనూస్ట్రిప్ అంటే ఫామ్ పైభాగాన అడ్డంగా కనిపించే పట్టీ. టూల్‌స్ట్రిప్‌మెనూఐటమ్ అంటే అందులోని ఒక్కో ఎంట్రీ. టూల్‌స్ట్రిప్‌సెపరేటర్ అంటే మధ్యలో వచ్చే గీత. సబ్‌మెనూకంటూ వేరే క్లాసు లేదు. ప్రతి టూల్‌స్ట్రిప్‌మెనూఐటమ్‌కూ డ్రాప్‌డౌన్‌ఐటమ్స్ అనే కలెక్షన్ ఉంటుంది. అందులో ఒక్క ఐటమ్ పడగానే ఆ ఎంట్రీ సబ్‌మెనూగా మారి, కుడివైపు బాణం గుర్తు తెచ్చుకుంటుంది. ఎన్ని అంతస్తులైనా ఇదే పద్ధతి.

మెయిన్‌మెనూ, మెనూఐటమ్ అనే పాత క్లాసులతో రాసిన ఉదాహరణలు ఇంకా అక్కడక్కడా తిరుగుతుంటాయి. 2005లో డాట్‌నెట్ 2.0తో మెనూస్ట్రిప్ వచ్చాక వాటి పని అయిపోయింది. డాట్‌నెట్ కోర్ 3.1లో వాటిని తీసేశారు కూడా. అలాంటి కోడ్ కనబడితే కాపీ చేయకుండా ముందుకు సాగిపోండి.

కట్టబోయే చెట్టును ముందు కాగితం మీద గీసుకుంటే మంచిది. మనం తీసుకునే నమూనా ఇది:

ఫైల్
— తెరువు…
— ఇటీవలివి ▸
— ఎగుమతి ▸
— — పీడీఎఫ్‌గా…
— — చిత్రంగా ▸
— — — పీఎన్‌జీ…
— — — జేపెగ్…
— (గీత)
— మూసివేయి

పట్టీ కింద రెండు అంతస్తులు హాయిగా ఉంటాయి, మూడోది భరించవచ్చు, నాలుగోది మాత్రం వద్దు. విండోస్‌లో సబ్‌మెనూ తెరుచుకునే ముందు మౌస్ ఆగాల్సిన సమయం మామూలుగా 400 మిల్లీసెకన్లు. నాలుగు అంతస్తులు దిగేసరికి వేచి ఉండటమే సరిపోతుంది. ఈలోపు మౌస్ కాస్త పక్కకు జారిందంటే మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. అంత లోతు అవసరమైందంటే ఆ పని డైలాగ్ బాక్స్‌లో ఉండాల్సిందని అర్థం.

చేత్తో ఒకసారి కట్టి చూడండి

1. ఫామ్ కన్‌స్ట్రక్టర్‌లో ఇనిషియలైజ్‌కాంపొనెంట్ అన్న లైన్ కిందే మీ సొంత మెథడ్‌ను పిలవండి. బిల్డ్‌మెనూ అని పేరు పెట్టుకుందాం. ఇనిషియలైజ్‌కాంపొనెంట్ లోపల మాత్రం చెయ్యి పెట్టకండి. డిజైనర్‌లో ఏ బటన్‌నో అటూ ఇటూ జరిపిన మరుక్షణం ఆ మెథడ్ మొత్తం కొత్తగా రాయబడుతుంది, మీరు రాసింది పోతుంది.

2. ఆకుల నుంచి వేరు వైపు కట్టుకుంటూ రండి. ముందు పీఎన్‌జీ, జేపెగ్ ఐటమ్‌లు తయారు చేయండి. తర్వాత “చిత్రంగా” అనే ఐటమ్ సృష్టించి, దాని డ్రాప్‌డౌన్‌ఐటమ్స్‌కు యాడ్‌రేంజ్‌తో ఆ రెండిటినీ ఒకేసారి ఇవ్వండి.

3. “ఎగుమతి” ఐటమ్ చేసి, అందులో పీడీఎఫ్‌ను, “చిత్రంగా”ను కలపండి. అదే పద్ధతిలో “ఫైల్”లో మిగతావన్నీ వరసగా పెట్టండి.

4. కొత్త మెనూస్ట్రిప్ సృష్టించి, దాని ఐటమ్స్‌కు “ఫైల్” కలపండి. ఇక్కడ ఐటమ్స్, లోపలి అంతస్తుల్లో డ్రాప్‌డౌన్‌ఐటమ్స్. కొత్తవాళ్లు తడబడేది ఈ తేడా దగ్గరే.

5. ఫామ్ కంట్రోల్స్‌కు మెనూస్ట్రిప్‌ను యాడ్ చేసి, ఫామ్ మెయిన్‌మెనూస్ట్రిప్ ప్రాపర్టీకి కూడా దాన్నే ఇవ్వండి. మొదటిది చేయకపోతే మెనూ కనిపించదు. రెండోది చేయకపోయినా మెనూ కనిపిస్తుంది కాబట్టి చాలామంది వదిలేస్తారు. ఆల్ట్ నొక్కినప్పుడు ఫోకస్ ఏ మెనూకు వెళ్లాలో, ఎండీఐ (ఒక పెద్ద కిటికీ లోపల చాలా పిల్ల కిటికీలు తెరిచే పద్ధతి) పిల్ల కిటికీల మెనూలు ఎక్కడ కలవాలో ఫామ్‌కు చెప్పేది ఈ ప్రాపర్టీయే.

రన్ చేస్తే మెనూ వచ్చింది గానీ, దాని కిందున్న ప్యానెల్ పైభాగం మెనూ వెనక్కి దూరిపోయిందా? డాకింగ్ (కంట్రోల్‌లు ఫామ్ అంచులకు అతుక్కుని చోటు పంచుకోవడం) వరస వల్ల అలా జరుగుతుంది. కంట్రోల్స్ జాబితాలో చివర ఉన్నదానికి ముందుగా చోటు దక్కుతుంది. డాక్ ఫిల్ ఉన్న ప్యానెల్‌ను మెనూ తర్వాత యాడ్ చేస్తే అది ఫామ్ మొత్తాన్నీ ఆక్రమించేస్తుంది, ఆపైన మెనూ దాని మీద కూర్చుంటుంది. ప్యానెల్‌ను ముందు, మెనూను తర్వాత యాడ్ చేయండి. వరస మార్చడం కుదరకపోతే ప్యానెల్ మీద బ్రింగ్‌టుఫ్రంట్ పిలిచినా సరిపోతుంది. పేరు చూస్తే ప్యానెల్ మెనూను కప్పేస్తుందేమో అనిపిస్తుంది కానీ జరిగేది తిరగేసి: ప్యానెల్ జాబితా మొదటికి వెళ్లి, చోటు పంచుకోవడంలో చివరిదవుతుంది.

సెపరేటర్ సంగతి ఒక్క మాటలో: యాడ్ మెథడ్‌కు ఒంటి హైఫన్‌ను టెక్స్ట్‌గా ఇస్తే అదే గీతగా మారుతుంది. అదే హైఫన్‌తో మీరే కొత్త టూల్‌స్ట్రిప్‌మెనూఐటమ్ సృష్టిస్తే మాత్రం హైఫన్ రాసి ఉన్న మామూలు ఐటమ్ వస్తుంది. ఈ గారడీ గుర్తుపెట్టుకునే బదులు నేరుగా టూల్‌స్ట్రిప్‌సెపరేటర్ వాడటమే నయం.

ఒక ఐటమ్‌కు ఒకే ఇల్లు

“కాపీ” అనే ఐటమ్‌ను ఎడిట్ మెనూలో పెట్టి, అదే వేరియబుల్‌ను రైట్ క్లిక్ మెనూలో కూడా యాడ్ చేశారనుకోండి. ఎర్రర్ ఏమీ రాదు. ఎడిట్ మెనూలోంచి అది చప్పుడు లేకుండా మాయమై రైట్ క్లిక్ మెనూలోకి చేరుతుంది. ఒక ఐటమ్‌కు యజమాని ఒక్కరే. రెండు చోట్ల కావాలంటే రెండు ఐటమ్‌లు సృష్టించి, రెండిటి క్లిక్‌కూ ఒకే మెథడ్ తగిలించండి.

ఐటమ్‌లను ఒక మెనూ నుంచి ఇంకో మెనూకు ఫర్‌ఈచ్ లూప్‌తో తరలించబోతే లూప్ మధ్యలో తెగిపోయేదీ ఇందుకే. నడుస్తున్న కలెక్షన్‌లోంచే ఐటమ్‌లు జారిపోతుంటాయి. ముందు వాటిని ఒక అర్రేలోకి కాపీ చేసుకుని, ఆ అర్రే మీద లూప్ తిప్పండి.

చెట్టు డేటాలో, కట్టడం ఒక్క మెథడ్‌లో

ఐటమ్‌లు ఇరవై దాటాక ఒక్కోదానికీ నాలుగు లైన్లు రాసుకుంటూ పోతే ఏది ఎవరి పిల్లో రాసినవాళ్లకే తెలియదు. చెట్టును డేటాగా పెట్టుకుని, దాన్ని మెనూగా మార్చే రికర్సివ్ (తనను తానే పిలుచుకునే) మెథడ్ ఒకటి రాసుకోవాలి.

నోడ్ అనే చిన్న క్లాసులో నాలుగే ఫీల్డ్‌లు: టెక్స్ట్, కమాండ్ ఐడీ, షార్ట్‌కట్, పిల్లల జాబితా. ఈ చెట్టు జేసన్ ఫైల్ నుంచి వచ్చినా సరే, కోడ్‌లోనే రాసుకున్నా సరే. మెథడ్‌కు మూడు పారామీటర్లు ఉంటాయి: నోడ్‌ల జాబితా, వాటిని చేర్చాల్సిన కలెక్షన్, ప్రస్తుత లోతు. పట్టీ ఐటమ్స్, ఐటమ్ డ్రాప్‌డౌన్‌ఐటమ్స్ రెండూ టూల్‌స్ట్రిప్‌ఐటమ్‌కలెక్షన్ రకానివే కాబట్టి పై అంతస్తుకు ఒక మెథడ్, కింది అంతస్తులకు ఇంకొకటి అక్కర్లేదు. లోపల జరిగేది ఇదీ:

ప్రతి నోడ్‌కూ —
టెక్స్ట్ ఒంటి హైఫన్ అయితే సెపరేటర్ చేర్చి తర్వాతి నోడ్‌కు వెళ్లాలి.
లేకపోతే కొత్త ఐటమ్ చేసి, నేమ్ ప్రాపర్టీలో కమాండ్ ఐడీ పెట్టాలి.
పిల్లలుంటే అదే మెథడ్‌ను పిల్లల జాబితా, ఈ ఐటమ్ డ్రాప్‌డౌన్‌ఐటమ్స్, లోతు + 1 అన్న విలువలతో పిలవాలి.
పిల్లలు లేకపోతే మాత్రమే క్లిక్ హ్యాండ్లర్ (నొక్కినప్పుడు నడిచే మెథడ్), షార్ట్‌కట్ తగిలించాలి.
చివర్లో ఐటమ్‌ను కలెక్షన్‌కు చేర్చాలి.

లోతు పారామీటర్ అలంకారానికి కాదు. డేటాలో పొరపాటున ఒక నోడ్ తన తాతకే తండ్రి అయితే రికర్షన్ ఆగదు, స్టాక్ ఓవర్‌ఫ్లో వస్తుంది. ఆ ఎర్రర్‌ను ట్రై క్యాచ్ పట్టలేదు, అప్లికేషన్ మొత్తం కూలిపోతుంది. లోతు 5 దాటితే ఆ నోడ్ పేరు చెబుతూ మీరే ఎక్సెప్షన్ విసరండి, తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

కమాండ్ ఐడీలకూ మెథడ్‌లకూ ముడి వేయడానికి డిక్షనరీ వాడండి: కీగా ఐడీ స్ట్రింగ్, విలువగా యాక్షన్. డేటాలో ఉన్న ఐడీ డిక్షనరీలో లేకపోతే మెనూ కట్టేటప్పుడే ఆపాలి. క్లిక్ చేసినప్పుడు చూసుకుందాంలే అనుకుంటే, ఆ క్లిక్ చేసేది మీరు కాదు, మీ యూజర్.

నేమ్ పెట్టమన్నది తర్వాత వెతుక్కోవడానికి. ఐటమ్స్ మీద ఫైండ్ మెథడ్‌కు ఐడీ, ట్రూ ఇస్తే అన్ని అంతస్తులూ దిగి వెతికి అర్రే తిరిగి ఇస్తుంది. దొరికింది ఒక్కటే అయినా అర్రేనే వస్తుందని గుర్తుంచుకోండి. టెక్స్ట్‌తో ఎప్పుడూ వెతకకండి, భాష మార్చిన రోజున అది తెగుతుంది.

హ్యాండ్లర్‌లను ఫర్ లూప్‌లో లాంబ్డాగా (అక్కడికక్కడే రాసే పేరులేని మెథడ్‌గా) తగిలిస్తే ఇంకో పాత ఉచ్చు కాచుకుని ఉంటుంది. లూప్ వేరియబుల్ ఐ అన్ని లాంబ్డాలకూ ఒక్కటే. ఏ ఐటమ్ నొక్కినా లూప్ ముగిసేనాటి ఐ విలువే అందుతుంది. లూప్ లోపల ఒక కొత్త వేరియబుల్‌లోకి కాపీ చేసుకుని దాన్ని వాడండి. ఫర్‌ఈచ్‌లో ఈ బాధ సీ షార్ప్ 5తో, 2012లో తీరింది. ఫర్‌లో మాత్రం అలాగే ఉంది.

షార్ట్‌కట్‌లు: మూసి ఉన్న మెనూ చేసే పని

షార్ట్‌కట్‌కీస్ ప్రాపర్టీకి కంట్రోల్, ఎస్ కీలను ఆర్ (|) గుర్తుతో కలిపి ఇస్తే చాలు, మెనూ తెరవకుండానే ఆ కీ పనిచేస్తుంది. ఐటమ్ కుడిపక్కన కీ పేరు కూడా అదే రాసుకుంటుంది. ప్లస్ లాంటి కీలకు “కంట్రోల్+ఓఈఎమ్‌ప్లస్” అని వికారంగా పడుతుంది. అక్కడ షార్ట్‌కట్‌కీడిస్‌ప్లేస్ట్రింగ్‌లో మీకు నచ్చిన మాట రాయండి.

ఒంటి అక్షరాన్నో, షిఫ్ట్‌తో అక్షరాన్నో షార్ట్‌కట్‌గా ఇస్తే ప్రాపర్టీకి విలువ ఇచ్చే లైన్ దగ్గరే ఎక్సెప్షన్ వస్తుంది. కంట్రోల్ గానీ ఆల్ట్ గానీ ఉండాలి. ఎఫ్1 నుంచి ఎఫ్24 వరకు ఉన్న కీలకు, ఇన్సర్ట్‌కు, డిలీట్‌కు ఈ నియమం వర్తించదు.

డిలీట్‌కు అనుమతి ఉంది కదా అని “తొలగించు” ఐటమ్‌కు దాన్ని ఇస్తే ఏమవుతుందో చూడండి. యూజర్ పైనున్న వెతుకులాట బాక్స్‌లో ఒక అక్షరం చెరపడానికి డిలీట్ నొక్కుతాడు. ఆ కీ టెక్స్ట్‌బాక్స్ దాకా చేరదు, మెనూ ముందే అందుకుంటుంది. అక్షరం అక్కడే ఉంటుంది, కింద జాబితాలో ఎంచుకున్న రికార్డు పోతుంది. కంట్రోల్+సీ, కంట్రోల్+వీలదీ ఇదే కథ. ఎడిట్ మెనూకు వాటిని ఇచ్చాక టెక్స్ట్‌బాక్స్‌లో కాపీ, పేస్ట్ చేసే బాధ్యత కూడా మీ హ్యాండ్లర్‌దే. డిలీట్‌కు మాత్రం డిస్‌ప్లేస్ట్రింగ్‌లో “డిలీట్” అని రాసి, అసలు కీని ఆ జాబితా కంట్రోల్ కీడౌన్ ఈవెంట్‌లో పట్టుకోవడమే క్షేమం.

ఇప్పుడు మొదట్లో చెప్పిన, నెలల తరబడి దొరకని తప్పు. క్లిప్‌బోర్డ్ ఖాళీగా ఉంటే “పేస్ట్” మసకబారాలని అందరూ ఎడిట్ మెనూ డ్రాప్‌డౌన్‌ఓపెనింగ్ ఈవెంట్‌లో దాని ఎనేబుల్డ్‌ను సరిచూస్తారు. మెనూ తెరిచి చూస్తే అంతా సవ్యం. అయితే యూజర్ ఒకసారి మెనూ తెరిచి, పేస్ట్ మసకగా ఉండటం చూసి మూసేస్తాడు. తర్వాత ఇంకెక్కడో ఏదో కాపీ చేసుకొచ్చి కంట్రోల్+వీ నొక్కుతాడు. ఏమీ జరగదు. ఐటమ్ ఇంకా డిసేబుల్డ్‌గానే ఉంది, డిసేబుల్డ్ ఐటమ్ షార్ట్‌కట్ పనిచేయదు, ఎనేబుల్డ్ మార్చే కోడ్ మెనూ తెరిస్తే తప్ప నడవదు. “ఒక్కోసారి పేస్ట్ అవ్వట్లేదు” అని ఫిర్యాదు వస్తుంది. మీరు చూడబోతే, చూడటానికి మెనూ తెరుస్తారు, అంతటితో బాగైపోతుంది!

దీనికి సులువైన మందు డ్రాప్‌డౌన్‌క్లోజ్డ్ ఈవెంట్‌లో షార్ట్‌కట్ ఉన్న ఐటమ్‌లన్నిటినీ తిరిగి ఎనేబుల్ చేసేయడం. చేయదగ్గ పనేనా కాదా అన్నది హ్యాండ్లర్ లోపల ఇంకోసారి చూసుకోవాలి. మసక అన్నది కంటికి మాత్రమే, అసలు కాపలా హ్యాండ్లర్‌లో ఉండాలి.

ఇంకో మూడు చిన్న సంగతులు. పిల్లలున్న ఐటమ్‌కు షార్ట్‌కట్ ఇచ్చినా పని జరగదు, అందుకే రికర్సివ్ మెథడ్‌లో ఆకులకు మాత్రమే ఇవ్వమన్నాం. దాచేసిన ఐటమ్ షార్ట్‌కట్ దాచినంత మాత్రాన ఆగదు, హక్కు లేని యూజర్‌కు దాచేటప్పుడు ఎనేబుల్డ్ కూడా ఫాల్స్ చేయండి. ఒకే కీ రెండు ఐటమ్‌లకు ఇస్తే ఎర్రర్ రాదు, ఒకటే పనిచేస్తుంది. మెనూ కట్టేటప్పుడే వాడిన కీలను ఒక హ్యాష్‌సెట్‌లో వేసుకుంటూ పోతే రెండోసారి వచ్చింది అక్కడే దొరుకుతుంది.

ఇటీవలి ఫైళ్లు

ఎప్పటికప్పుడు మారే సబ్‌మెనూను తెరిచే క్షణంలో నింపడం మామూలు పద్ధతి. “ఇటీవలివి” ఖాళీగా ఉంటే దానికి బాణం గుర్తు రాదు, అది సబ్‌మెనూ అని యూజర్‌కు తెలిసే దారి లేదు. కాబట్టి మొదట్లోనే “ఫైళ్లు లేవు” అన్న మసక ఐటమ్ ఒకటి లోపల పెట్టి ఉంచండి. నింపే కోడ్‌ను “ఫైల్” డ్రాప్‌డౌన్‌ఓపెనింగ్‌లో పెడితే, యూజర్ “ఇటీవలివి” దాకా వచ్చేసరికి జాబితా సిద్ధంగా ఉంటుంది. ఇలా తర్వాత పుట్టే ఐటమ్‌లకు షార్ట్‌కట్‌లు ఇవ్వకండి. మొదటిసారి మెనూ తెరిచేదాకా ఆ ఐటమ్‌లే లేవు, కీ ఎలా పనిచేస్తుంది?

పాతవాటిని తీసేయడానికి క్లియర్ పిలిస్తే జాబితాలోంచి పోతాయి కానీ డిస్పోజ్ కావు, అంటే పట్టుకున్న వనరులను వదలవు. ముందు అర్రేలోకి కాపీ చేసుకుని, క్లియర్ చేసి, తర్వాత అర్రేలో ఒక్కోదాన్నీ డిస్పోజ్ చేయండి. ఈ పనిని అదే సబ్‌మెనూలోని ఐటమ్ క్లిక్ హ్యాండ్లర్‌లో మాత్రం చేయకూడదు. క్లిక్ ఇంకా నడుస్తుండగానే ఆ ఐటమ్‌ను చంపినట్టవుతుంది.

ఫైల్ పేరులో & గుర్తు ఉందేమో చూసుకోవాలి. మెనూ టెక్స్ట్‌లో ఆ గుర్తుకు “తర్వాతి అక్షరం కింద గీత పెట్టు” అని అర్థం. “జమ&ఖర్చు” అన్న ఫైల్ “జమఖర్చు”గా కనిపిస్తుంది. టెక్స్ట్‌గా పెట్టేముందు ప్రతి & నూ రెండు && లుగా మార్చండి. అలా మార్చాక ఇక టెక్స్ట్‌ను పాత్‌గా వాడటం కుదరదు, ఫైల్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. అసలు పాత్ ట్యాగ్ ప్రాపర్టీలో ఉండాలి, హ్యాండ్లర్ సెండర్‌ను టూల్‌స్ట్రిప్‌మెనూఐటమ్‌గా మార్చుకుని దాని ట్యాగ్‌నే చదవాలి. పేరు ముందు &1, &2 అని తొమ్మిది దాకా అంకెలు పెడితే మెనూ తెరిచాక అంకె నొక్కితే చాలు, ఫైల్ తెరుచుకుంటుంది.

సబ్‌మెనూ మీద లూప్ తిప్పేటప్పుడు

“జూమ్” సబ్‌మెనూలో 50%, 100%, 200% ఉన్నాయి, ఒకదానికే టిక్ ఉండాలి. ఈ క్లాసులో రేడియో గ్రూప్ సౌకర్యం లేదు. చెక్ఆన్‌క్లిక్ ఉంది గానీ అది నొక్కినదాన్ని మారుస్తుందే తప్ప పక్కవాటిని తీయదు. అందరికీ ఒకే హ్యాండ్లర్ పెట్టి, అన్నదమ్ములందరి మీదా లూప్ తిప్పి, నొక్కింది తానే అయితే చెక్డ్ ట్రూ, కాకపోతే ఫాల్స్ చేయాలి.

ఆ లూప్‌లో వేరియబుల్ రకాన్ని నేరుగా టూల్‌స్ట్రిప్‌మెనూఐటమ్ అని రాస్తే ఇవాళ పనిచేస్తుంది. రేపు ఎవరో మధ్యలో ఒక గీత చేరుస్తారు, గీత దగ్గర కాస్ట్ ఎక్సెప్షన్ వస్తుంది. ఆఫ్‌టైప్‌తో వడకట్టి తిప్పండి.

దాచిన ఐటమ్‌లను లెక్కించాల్సి వస్తే విజిబుల్‌ను చదవకండి. మెనూ మూసి ఉన్నప్పుడు లోపలున్న ప్రతి ఐటమ్ విజిబుల్ విలువా ఫాల్సే, ఎందుకంటే అప్పుడు నిజంగా ఏదీ తెర మీద లేదు. దాచామా లేదా అన్నది చెప్పేది అవైలబుల్. ఐటమ్‌లు దాచాక గీతలు ఒకదాని కింద ఒకటి రెండేసి మిగిలిపోతే కూడా ఇదే ప్రాపర్టీతో సరిచేయాలి. పైనుంచి కిందికి వస్తూ, ఇంతకుముందు కనిపించేది గీతే అయినా, అసలేమీ లేకపోయినా ఈ గీత అవైలబుల్‌ను ఫాల్స్ చేయండి. లూప్ ముగిశాక చివర మిగిలింది గీతైతే దాన్నీ దాచండి. లూప్ మొదలుపెట్టేముందు గీతలన్నిటినీ తిరిగి ట్రూ చేసుకోవాలి, లేకపోతే దాచిన ఐటమ్‌లు తిరిగొచ్చినా గీతలు రావు.

ప్లగిన్‌లను వేరే థ్రెడ్‌లో లోడ్ చేసి, అక్కడి నుంచే సబ్‌మెనూ చేర్చబోతే, యూఐ థ్రెడ్‌లో తప్ప మెనూను ముట్టుకోకూడదన్న నియమం అడ్డొస్తుంది. ఇన్వోక్ చేద్దామని చూస్తే టూల్‌స్ట్రిప్‌మెనూఐటమ్‌కు ఆ మెథడే లేదు, అది కంట్రోల్ నుంచి పుట్టిన క్లాసు కాదు. మెనూస్ట్రిప్ మీద గానీ ఫామ్ మీద గానీ బిగిన్‌ఇన్వోక్ పిలిచి, కట్టే మెథడ్‌ను దాని లోపల నడపండి. ఫామ్ హ్యాండిల్ (ఆ కిటికీకి విండోస్ ఇచ్చే గుర్తింపు) పుట్టకముందే పిలిస్తే ఎక్సెప్షన్ వస్తుంది కాబట్టి ప్లగిన్ లోడింగ్‌ను కన్‌స్ట్రక్టర్‌లో కాకుండా ఫామ్ షోన్ ఈవెంట్‌లో మొదలుపెట్టండి.